చెంగయ్య మీద అనుమానం

ఆయుధపూజ అయిన మర్నాడే మా బండికి రోగం మొదలైంది. స్టీరింగు తిప్పితే గేదె మూలిగినట్టు మూలుగుతోందని, బ్రేకు తొక్కి వదిలినా చక్రాలు పట్టేసుకునే ఉంటున్నాయని మా డ్రైవరు చెంగయ్య వచ్చి చెప్పాడు. నేను నమ్మలేదు. నమ్మకపోవడానికి నా కారణం నాకుంది.

ఆ పాత లారీ మీదే మా ఇల్లు నడుస్తోంది. పలమనేరు నుంచి తిరుపతి మార్కెట్టుకు టమోటా తోలుతాం. ఒకప్పుడు మా నాయన మునిరత్నమే నడిపేవాడు. కళ్లు మసకబారాక చెంగయ్య చేతిలో పెట్టాడు. వాడికి గేరు వేయడం నేర్పింది కూడా నాయనే. బేరాలూ తగాదాలూ నావి. ఈ నాగవేణి నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది. ఆ నోరే లేకపోతే ఈ బండి ఎప్పుడో పరులపాలయ్యేది.

పాత బండ్లు కొని అమ్మే రూపేష్ మా లారీ మీద కన్నేసి చాలా రోజులైంది. అడిగిన ప్రతిసారీ పొమ్మన్నాను. పండగకు ముందు అదే రూపేష్‌తో చెంగయ్య బస్టాండు దగ్గర టీ తాగుతూ నా కంటపడ్డాడు. నన్ను చూడగానే గ్లాసు పక్కన పెట్టేసి లేచి నిలబడ్డాడు. తప్పు చేయనివాడికి అంత కంగారెందుకు? నిప్పు లేనిదే పొగ రాదు. బండికి లేనిపోని రోగాలు అంటగడితే విసిగిపోయి చవగ్గా వదిలించుకుంటానని ఇద్దరూ కలిసి ఎత్తు వేశారనుకున్నాను. అదే నిజమైతే నాయన కొడుకులా చూసుకున్న మనిషిని పనిలోంచి తీసేయాలి. ఆ మాట తలుచుకుంటే నాకు ముద్ద దిగలేదు.

రోగమో నాటకమో నేనే తేల్చుకుంటానని మర్నాడు లోడుతో పాటు బండెక్కాను. లోడు వద్దక్కా, ముందు మెకానిక్ షెడ్డుకు పోదామని చెంగయ్య బతిమాలాడు. బతిమాలేకొద్దీ నా అనుమానం పెరిగింది. నోర్మూసుకుని పోనీయమన్నాను.

మొగిలి ఘాట్ దిగుతుంటే సగం దారిలో కాలిన వాసన వచ్చింది. చక్రాల దగ్గర పొగ. చెంగయ్య బ్రేకు తొక్కితే అది నేలదాకా దిగిపోయింది. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగి, బిగుసుకుపోయిన స్టీరింగు మీద ఒళ్లంతా వాల్చి తిప్పి, కొండవైపు మట్టిగట్టుకు రాసుకునేలా చేసి బండి ఆపాడు. వెనక టమోటా పెట్టెలు కూలిన చప్పుడు వినిపించింది. బతికి బయటపడ్డాక కూడా నా నోటి నుంచి మంచి మాట రాలేదు. నన్ను బెదిరించడానికి ఇంత దూరం తెచ్చావా అని అడిగాను.

బంగారుపాళ్యం నుంచి మెకానిక్ గోవిందస్వామి మోటారుసైకిలు మీద వచ్చాడు. బానెట్ ఎత్తి ముందు స్టీరింగు పంపు బెల్టు లాగి చూశాడు, బాగానే ఉంది. గొట్టాలు తడిమాడు, పగుళ్లు లేవు. పంపు కింద మాత్రం నూనె కారుతోంది. అప్పుడు బ్రేకు నూనె డబ్బా మూత తీసి తెల్లగుడ్డ ముంచాడు. గుడ్డ ఎర్రబడింది. ఎర్రది స్టీరింగుకు పోసే నూనె అట, బ్రేకులో పడితే రబ్బర్లు ఉబ్బి చక్రాలను వదలవట. స్టీరింగు డబ్బా మూత తీస్తే బ్రేకుకు పోయాల్సింది అందులో ఉంది.

"రెండూ తారుమారు చేసినారు. ఎవురు పోసినారప్పా?" అన్నాడు గోవిందస్వామి.

చెంగయ్య ఉలిక్కిపడి తలెత్తాడు, మళ్లీ దించేసుకున్నాడు. నేను ఆ ముఖమే చూస్తున్నాను. దొరికిపోయిన దొంగ ముఖం అది. బానెట్ ఎత్తేది నువ్వొక్కడివే కదా అని నిలదీశాను.

"నేనే అనుకో అక్కా," అన్నాడు.

"అనుకునేదేముండాది? పోయి ఆ రూపేష్ కాడే ఉండు. ఇంక నా బండి ముట్టుకోవద్దు."

చెప్పులు వేసుకుని ఘాట్ రోడ్డు మీద ఒక్కడే నడుచుకుంటూ దిగిపోయాడు.

సాయంత్రం నాయనకు అన్నం పెడుతూ దొంగను పట్టేసినట్టు గొప్పగా చెప్పాను. నాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఎర్రనూనె ఏ డబ్బాలో ఉందో మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను.

"పోసింది నేను పాపా," అన్నాడు.

ఆయుధపూజనాడు బండిలో ఏదీ వెలితిగా ఉండకూడదన్నది నాయన పట్టింపు. డీజిలు, నీళ్లు, నూనెలు అన్నీ అంచులదాకా నిండాల్సిందే. స్పానర్లకూ జాకీకీ పూసినట్టే ఆ రోజు కొత్త నూనె డబ్బాలకూ పసుపు పూసి బొట్లు పెట్టాడు. ఒకే సైజు డబ్బాలు, పేర్లు పసుపు కింద పోయాయి. చెంగయ్య దిష్టి గుమ్మడికాయ కోసం వెళ్లినప్పుడు తన చేత్తోనే నింపాడు. వాడు తిరిగి రాగానే నేనే నింపానురా అని మురిసిపోతూ చెప్పాడు కూడా.

అంటే ఘాట్‌లో మూత తీసిన క్షణానే చెంగయ్యకు అర్థమైంది. గురువు పేరు నా నోట్లో పడటం ఇష్టం లేక తన నెత్తిన వేసుకున్నాడు. నాయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

తెల్లారి ఇద్దరం చెంగయ్య ఇంటికి పోయాం. మొగుడు రూపేష్ షెడ్డులో పనికి పోయాడని వాళ్లావిడ గడప దాటకుండానే చెప్పింది. అక్కడికి పోతే చెంగయ్య వేరే బండి టైర్లు చూస్తున్నాడు. నూనె పోసింది తానని నాయన అక్కడున్న అందరి ముందూ చెప్పాడు. చెంగయ్య ఆయన కాళ్లకు మొక్కి, స్టూలు తెచ్చి కూర్చోబెట్టాడు. తప్పయింది, ఇంటికి రమ్మని నేనూ అడిగాను. నా బతుకులో ఎవరినీ అలా అడగలేదు.

"రూపేష్ పిలిసినప్పుడల్లా, మీ నాయన బండి ఉండగా నేను రానని చెప్పినాను. ఆ పొద్దు టీ కొట్టు కాడ కూడా అదే చెప్పినాను. నిన్న నువ్వు పొమ్మన్నాక వస్తానని మాట ఇచ్చేసినాను అక్కా."

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే పోట్లాడి అయినా లాక్కొచ్చేదాన్ని.

తిరిగొచ్చి ఇంటి ముందు ఆటో దిగాక నాయన నా వైపు తిరిగాడు.

"నేను పోసింది గోవిందస్వామి కడిగేస్తాడు పాపా. నువ్వన్నది ఎవురు కడగాల?"

అంతలో కాయ కోసి పెట్టుకున్న రైతు ఫోన్ చేసి బండి ఎప్పుడొస్తుందని అడిగాడు. బండి సాయంత్రానికి బాగవుతుంది, నడిపే మనిషే లేడని చెప్పాను.