నిస్సహాయురాలని రాశాం

ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. అక్క మిట్టమధ్యాహ్నమే ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడింది.

"పీకేశారే," అంది.

అక్క బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. ఎడమకాలు చిన్నప్పుడే చచ్చుబడింది. పోయిన నెల కాలర్ల మిషన్లు మూడో అంతస్తుకు ఎక్కించారు. లిఫ్టు సరుక్కే, మనుషులకు కాదు. అక్క మెట్లమీద కూర్చుని, చేతులు ఆనించుకుంటూ ఒక్కో మెట్టే పైకి జరిగేది. మరుగుదొడ్డి కిందనే ఉంది కాబట్టి సాయంత్రందాకా మంచినీళ్లు ముట్టేది కాదు.

లా చదువుతున్నవాళ్లం, ఊరుకుంటామా? నేనూ, క్లాసులో అందరూ 'పాయింటు' అని పిలిచే కుర్రాడూ కలిసి కార్మిక అధికారికి అర్జీ రాశాం. మిషన్లు కిందికి దించమన్నాం. అధికారి మనసు కరగాలని 'ఏ పనికీ శక్తిలేని నిస్సహాయురాలు' అని కూడా చేర్చాం. అక్క చదవకుండానే సంతకం పెట్టింది. రాసింది చెల్లెలు కదా!

అర్జీ నకలు అక్కను పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరుకు చేరింది. దాన్ని అక్క ముఖం ముందు ఆడించాడట. "ఏ పనికీ శక్తి లేదని నువ్వే ఒప్పుకున్నావుగా తల్లీ! ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకో."

వాడి చేతికి కత్తి అందించింది మేమే.

కబురు తెలిసి పాయింటు పరుగెత్తుకొచ్చాడు. "కాస్త జాలి పుట్టాలని అలా రాశామక్కా..."

"నీ జాలి నీ దగ్గరే ఉంచుకో నాయనా. రోజుకి మూడొందల కాలర్లు కుడతాను. మా వరసలో నా అంత కుట్టేది ఎవరు? ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి నీ పెన్నులో సిరా అయిపోయిందా?"

నేను తెల్లకాగితం తీశాను.

"నువ్వు చెప్పక్కా. చెప్పింది చెప్పినట్టే రాస్తాను."

సగం రాశామో లేదో, అదే ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే పిన్ని రొప్పుతూ వచ్చింది.

"భోజనాల బెల్లయ్యాక కాలర్ల వరసలో ఒక్కత్తీ పైకెక్కలేదే! అందరూ మెట్లమీద బైఠాయించారు. నిన్ను మళ్లీ పనిలోకి తీసుకుని, మిషన్లు దించేదాకా కదలరట. పోలీసు వ్యానొచ్చింది. ఇద్దర్ని జుట్టు పట్టుకుని ఎక్కించారు."

అక్క నడకకు ఆసరాగా వేసుకునే ఇనప పట్టీలు మళ్లీ కాలికి బిగించసాగింది.

"నువ్వెక్కడికే? తోపులాటలో పడితే లేవగలవా?" అంది పిన్ని.

"అవునక్కా, మీరు ఇంట్లో ఉండండి. మీ తరఫున మేం మాట్లాడతాం," అన్నాడు పాయింటు.

నేనూ అదే అనబోయి ఆగాను.

అక్క మా ముగ్గురినీ ఒకసారి చూసింది. నా చేతిలోంచి ఆ సగం రాసిన కాగితం లాక్కుని రవికలో దోపుకుంది. గుమ్మం దాటింది.