దయామణి ఇంటి వేలం

మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వెనక లైనులో సాయంత్రం నాలుగయిందంటే దయామణి రెండు గ్లాసుల కాఫీ కలుపుతుంది. ఒకటి తనకి. రెండోది వరండాలో టేకు వాలుకుర్చీ పక్కన స్టూలు మీద, నెహెమ్యాకి. నెహెమ్యా ఆమె పెనిమిటి, ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసినాడు. కాలం చేసి ఆరేళ్లయింది. అయినా నాలుగింటికి కుర్చీ కిర్రుమంటుంది, ఎవరో కూర్చున్నట్టు దాని గుడ్డ కిందికి దిగుతుంది, గ్లాసులో కాఫీ కొంచెం కొంచెంగా తగ్గుతుంది. దారిన పోయేవాళ్లు "వందనాలు సార్" అని పోతారు. చక్కెర ఎక్కువైతే గ్లాసు అట్లే ఉండిపోతుంది. మనిషి ఉన్నప్పుడూ అంతే, నాలుక అంత సులభంగా ఒప్పుకునేది కాదు.

దయామణి ఆ లైనులో చీటీలు నడిపేది. పోయినేడు ఇద్దరు మహానుభావులు చీటీ ముందే పాడుకుని, డబ్బు చేతిలో పడగానే కాపురాలెత్తేసినారు. మిగతా వాళ్లకి కట్టాల్సిందంతా ఆమె మెడకి చుట్టుకుంది. గాజులు అమ్మింది, చెవులవి అమ్మింది, అప్పు మాత్రం అట్లే ఉండాది. పారిపోదామని ఆమెకీ అనిపించకపోలేదు. కుర్చీని బస్సెక్కించుకోరు కదా అని ఆగింది.

చివరికి ఐపీ పెట్టింది. అంటే, నా వల్ల కాదు సామీ అని కోర్టులో ఒప్పుకోవడం. ఉన్నదంతా కోర్టే అమ్మి అప్పులవాళ్లకి వాటాల ప్రకారం పంచుతుంది, తీరనిదాన్నుంచి మనిషిని విడిపిస్తుంది. ఆ పని చూసేదానికి కోర్టు వేసిన రిసీవరు పుంగనూరు లాయరమ్మ ఝాన్సీ. ఆమె వచ్చి సామాన్లు రాసుకునింది: గ్రైండరు, ఫ్రిజ్జు, బీరువా, వాలుకుర్చీ.

"కుర్చీ ఒక్కటి వదిలేయకూడదామ్మా?" అని అడిగింది దయామణి.

"వదిలితే నీకు డబ్బు కట్టినోళ్లకి అన్యాయం కదమ్మా. రేటొచ్చేది దానికే," అని ఝాన్సీ కుర్చీ వైపు చూసింది. "సార్‌ని అడిగినావా?"

"యాడడిగేది? ఆయన మాట్లాడడు గదా."

గ్రైండరు పోతే రోలుంది, ఫ్రిజ్జు పోతే కుండుంది. దయామణి భయమంతా కుర్చీ గురించే. వేలం మధ్యాహ్నానికే అయిపోతుంది. నాలుగింటికి ఆయన వచ్చి, కూర్చునే చోటు లేక, వచ్చిన దారినే పోతే ఇంక మళ్లీ రాడు. వేలం ముందు రాత్రంతా ఆమె ప్రార్థన చేస్తా మోకాళ్ల మీదే ఉండింది.

మర్నాడు పొద్దున వేలం మొదలైంది. గ్రైండరు పాట శరత్ బాబుకి వచ్చింది. ఆసుపత్రి ల్యాబులో పని ఆయనకి. కూతురు షైనీ నర్సింగు ఫీజు ఈ చీటీలోనే ఇరుక్కుపోయి, దయామణితో మాటలు మానేసిన మనిషి. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, చేతులు దులుపుకుని, "స్తోత్రం. మళ్లీ పాటకి పెట్టండి," అనేసినాడు.

ఆయన తప్పేం లేదు. ఆ లైనువాళ్లు పుట్టి బుద్ధెరిగి చూసిన వేలం కోతపండగ వేలమే. చర్చిలో గుమ్మడికాయ పాడుకున్నోడు డబ్బు కట్టి, కాయని మళ్లీ బల్ల మీదే పెడతాడు. ఇంకోడు పాడతాడు, వాడూ పెడతాడు. కాయని ఇంటికి ఎత్తుకుపోయినోడిని ఏడాదంతా పిసినారి అంటారు.

"ఇది కోర్టు వేలమప్పా. కొంటే నీదే, రెండోసారి అమ్మేదానికి లేదు," అనింది ఝాన్సీ.

"నా డబ్బు నేను కట్టినా కదమ్మా, మళ్లీ పెడితే నీకేం కష్టం?"

"నువ్వు కట్టే డబ్బు మళ్లీ నీకే కదప్పా నేను పంచాల!"

శరత్ బాబు బుర్ర గోక్కున్నాడు. తర్వాత దయామణి వైపు చూడకుండానే, "మా ఇంట్లో చోటు లేదు. గ్రైండరు ఈడే ఉండనీ. మాకు దోసెల పిండి రుబ్బిస్తే సాలు," అన్నాడు.

"నీ బిడ్డ ఫీజు..." అనింది దయామణి.

"ఊరిడిసి పోలేదు కదమ్మా నువ్వు. సాల్లే."

ఇంకేముంది, ఫ్రిజ్జు కొన్నోళ్లదీ అదే పాట, బీరువా కొన్నోళ్లదీ అదే గలాటా. ఝాన్సీ ఒక్కొక్కరికీ చట్టం మొదట్నించీ చెప్పాల్సి వచ్చింది. దయామణి మాత్రం అందరినీ చూస్తా కళ్లు తుడుచుకుంటానే ఉండింది. కుర్చీ పాటకొచ్చేసరికి ఎండ వరండా దిగిపోయింది.

కుప్పం నుంచి పాత టేకు కొనే మునిరాజ వచ్చుండాడు. ఆయన చెప్పిన రేటుకి లైనులో ఒక్కరి నోరు లేవలేదు. పాట ఆయన పేరు మీదే ఖాయమైంది. ఆయన కుర్చీ మీద చెయ్యి వేసినాడో లేదో కిర్రుమనింది, గుడ్డ కిందికి దిగింది. నాలుగయింది మరి.

మునిరాజ భుజం మీది టవలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "సార్, ఏమనుకోవద్దు. కొంచెం లేస్తారా, వ్యాను కాసుకోనుండాది."

గుడ్డ మెల్లగా పైకి లేచింది. దయామణి కళ్లు మూసుకునింది. గేటు చప్పుడైతే అంతే, అయిపోయినట్టే. లైనంతా చెవులు రిక్కించింది. గేటు కదల్లేదు. లోపల గదిలో మంచం కిర్రుమనింది.

మునిరాజ తొంగి చూసినాడు. వ్యాపారస్తుడు కదా, ఊరుకోడు. "మంచం గూడా టేకే. దీనికెంత?"

"పండుకునే మంచం, వండుకునే గిన్నెలు, కట్టుకునే బట్టలు. వీటి జోలికి కోర్టు పోదప్పా," అనింది ఝాన్సీ. "అప్పు తీర్చలేనోళ్లు గూడా రేపు లేచి బతకాల కదా. అందుకని చట్టమే వదిలిపెట్టింది."

దయామణి ఆమె రెండు చేతులూ పట్టుకునింది. "ఆ మాట రాసినోళ్లెవరో, వాళ్ల కడుపు సల్లగుండ."

కాఫీ కలిపి గదిలోకి తీసుకుపోయింది. పరుపు గోడ వైపు దిగి ఉండాది. బయటి పక్క ఆమెకే వదిలిపెట్టినాడు. ఆరేళ్లుగా కాఫీ అయిపోతూనే కుర్చీ ఖాళీ చేసి పోయే మనిషి, ఆ పొద్దు దీపాలు పెట్టినా కదల్లేదు, ఆమె ప్రార్థన చేసుకుని అన్నం తిని వచ్చినా కదల్లేదు. దయామణి దుప్పటి సగం ఆయన పక్కకి జరిపి పడుకుంది.