గోలీ లేని జట్టు

ఆ శనివారం మధ్యాహ్నం శ్రీకాకుళం నుంచి నరసన్నపేట వెళ్ళే బస్సులో అప్పలసూరి మొహం చూసినవాళ్ళు, ఇతనికేదో లాటరీ తగిలిందనే అనుకుని ఉంటారు. రెండు కిడ్నీలూ పాడైపోయి, వారానికి రెండుసార్లు నాలుగేసి గంటలు మిషన్ పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకుని ఇంటికెళ్ళే మనిషికి అంత సంతోషమేమిటండీ!

"యాసిన్‌ని ఇచ్చీసినారే తాయారూ! మేస్టారు దిగొచ్చినారు. మూడు నెల్లనించి బిగిసిపోయి కూకున్న మనిషి, ఇయ్యాల కిక్కురుమనకండా ఇచ్చీసినారు. నా జట్టు పూర్తయిపోనాది!"

పక్కన కూర్చున్న తాయారు మొగుడి చేతి కట్టు కేసి చూసుకుంటోంది, రక్తం ఊరుతోందేమోనని. ఆమెకి యాషిన్ ఎవరో తెలియదు. రష్యా గోల్‌కీపరనీ, చచ్చిపోయి ఇరవై ఎనిమిదేళ్ళయిందనీ చెప్పినా ఆమెకి ఒరిగేదేమీ లేదు. కానీ జట్టు పూర్తయిందన్న మాట మాత్రం చెవిన పడింది.

"పూర్తయిపోతే మరి ఒట్టు ఏటవుతాది మావా?" అంది మెల్లగా.

"ఏటవుతాది? రెండో జట్టు కడతాం. నువ్వలగ బెంగపడిపోకు," అని అప్పలసూరి కిటికీలోంచి రోడ్డు పక్క ఊడ్పులు చూస్తూ కూర్చున్నాడు.

ఆ ఒట్టు సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. రెండువేల పద్దెనిమిది ఫిబ్రవరిలో, మిషన్ ఎక్కిన మూడో వారానికే, అప్పలసూరికి విసుగెత్తిపోయింది. చేతిలోకి రెండు పెద్ద సూదులు. నాలుగు గంటలు ఆ చెయ్యి కదపకూడదు. రోజుకి రెండు గ్లాసుల నీళ్ళే తాగాలి. ముప్ఫై ఏళ్ళు మడిలో నిలబడి పనిచేసి, దాహమైతే చెంబెత్తి గటగటా తాగిన మనిషికి ఇదేం బతుకు? "నాకొద్దు. గట్టు మీద పడి సచ్చిపోతాను గానీ మరి రాను," అని వార్డంతా వినపడేలా అరిచాడు. తాయారు గుమ్మం దగ్గర నిలబడి నోట్లో కొంగు కుక్కుకుంది.

పక్క మంచం మీద స్టాన్లీ మాస్టారు ఉన్నారు. క్రైస్తవ మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. డయాలసిస్‌లో అప్పటికే మూడేళ్ళ సీనియరు.

"ఏం సూరీ, ఫుట్‌బాల్ తెలుసా?" అన్నారు.

"తెల్దు. తెలుసుకోను కూడాను."

"అయితే మరీ మంచిది. ఒక ఆట ఆడదాం."

ఆట ఏమిటంటే, లోకంలో ఇంతవరకు ఫుట్‌బాల్ ఆడిన మహామహులందరిలోంచీ, బతికున్నవాళ్ళయినా పోయినవాళ్ళయినా సరే, చెరొక పదకొండు మందిని ఏరుకుని జట్టు కట్టుకోవాలి. ఎవరెలాంటివాడో మాస్టారు చెబుతారు. ఒకరు తీసుకున్నవాణ్ణి, వాళ్ళంతట వాళ్ళు ఇస్తే తప్ప, రెండోవారు ముట్టుకోకూడదు. ఎందుకు తీసుకున్నావో వాదించి గెలవాలి. అవతలివాడు సరే అంటేనే మాస్టారి పుస్తకంలో పేరు ఎక్కుతుంది.

"ఒకటే షరతు. నీ జట్టు పూర్తయ్యేదాకా మానకూడదు. పూర్తయ్యాక నీ ఇష్టం. మీ ఊరి అమ్మోరి మీద ఒట్టెయ్యి," అన్నారు మాస్టారు.

ఆదివారం తప్పకుండా బాప్టిస్టు చర్చికి వెళ్ళే మనిషి అమ్మోరి మీద ఒట్టెయ్యమనేసరికి అప్పలసూరికి నవ్వొచ్చింది. పదకొండు పేర్లే కదా, రెండు వారాల్లో తెమిలిపోతుందనుకుని ఒట్టేశాడు. ఆయనతో వాదన అంటే ఏమిటో అప్పటికి తెలిస్తేగా!

మాస్టారు మొదట పీలేని పట్టుకుపోయారు. అప్పలసూరికి ఆట తెలియకపోయినా సంతలో ఎద్దుల్ని ఏరడం తెలుసు. కాళ్ళెలా ఉంటాయి, ఛాతీ ఎంత, బెదురుతాడా, ఆఖరి చాలు దాకా లాగుతాడా, ఇవీ అతని ప్రశ్నలు. బ్రెజిల్ గరించా గురించి చెబుతూ, "వాడి కాళ్ళు రెండూ ఒకే పక్కకి వంగి ఉండేవి, చిన్నప్పుడు చూసినవాళ్ళు వీడేం ఆడతాడన్నారు," అన్నారు మాస్టారు.

"నా గురించీ డాకటరు అదే అన్నాడు. ఆడు నాకే. రాయండి!"

జర్మనీ బెకెన్‌బావర్ సంగతి వచ్చినప్పుడైతే యుద్ధమే జరిగింది. సెమీఫైనల్లో భుజం జారిపోతే చేతిని ఛాతీకి కట్టించుకుని ఆఖరిదాకా ఆడాడని విన్నాడో లేదో, అప్పలసూరి సూదులున్న తన చేతికేసి చూసుకున్నాడు. "ఓలమ్మా! సెయ్యి కట్టీసినా ఆడినాడా? ఆణ్ణి నాకిచ్చీయండి మేస్టారూ, మీకు దణ్ణం పెడతాను." మాస్టారు మూడు వారాలు ముప్పుతిప్పలు పెట్టి గానీ ఇవ్వలేదు. సికింద్రాబాద్ బలరాంని మాత్రం ససేమిరా వదల్లేదు. మనవాడు నాకు కావాలని అప్పలసూరి ఎంత పోరినా, "ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు కొట్టినవాడు, నా దగ్గరే ఉంటాడు," అన్నారు. సిస్టర్లు ఇద్దరినీ కసిరేవారు, బీపీలు పెరుగుతున్నాయని.

ఏప్రిల్ చివరికి పదిమంది అయ్యారు. గోలీ, అంటే గోల్‌కీపరు, ఒక్కడే తక్కువ. అక్కడ పడింది పీటముడి. అప్పలసూరికి యాషిన్ కావాలి. పన్నెండేళ్ళకే కార్ఖానా పనికి వెళ్ళినవాడట, నల్లబట్టలేసుకుని గోలు ముందు నిలబడితే పెనాల్టీ కొట్టేవాడి కాలు వణికేదట. కానీ యాషిన్ మాస్టారి జట్టులో ఉన్నాడు. ఆయన ఇవ్వరు. పోనీ ఇంకొకణ్ణి అడిగితే ఒప్పుకోరు. ఒకడు పొట్టి అంటారు, ఒకడు తొందరపడి ముందుకొచ్చేస్తాడంటారు. వారం మీద వారం అలా సాగదీస్తూనే ఉన్నారు.

ఇందులో కిటుకు అప్పలసూరికి తెలియలేదనుకోకండి. మే నెలకే తెలిసింది. తెలిసీ ఊరుకున్నాడు. అప్పటికి బుధవారం, శనివారం వచ్చాయంటే తాయారు కంటే ముందే లేచి చొక్కా తొడుక్కుని కూర్చుంటున్నాడు. మరి రానన్న మాట మళ్ళీ అతని నోట రాలేదు.

అలాంటిది ఈ శనివారం, మాస్టారు తమంతట తామే, "సూరీ, యాషిన్ నీకే. రాసేశాను," అన్నారు. అప్పటికి కాసేపటి ముందే బీపీ పడిపోయి, సిస్టర్లు ఆయన కాళ్ళు ఎత్తి పెట్టి సెలైన్ ఎక్కించారు. గొంతు పీలగా ఉంది. అప్పలసూరి గెలిచిన సంబరంలో, "సూసినారా! సూసినారా!" అని వార్డందరికీ చెప్పుకున్నాడే గానీ, పక్క మంచం కేసి సరిగా ఒక్కసారైనా చూశాడా? చూడలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ అదే తలుచుకుని కుమిలిపోయాడు.

బుధవారం వచ్చేసరికి పక్క మంచం మీద ఎవరో కొత్తావిడ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది.

"మేస్టారేరీ?"

సిస్టరు సూది గుచ్చడం పూర్తిచేసి, టేపు అంటించి, అప్పుడు చెప్పింది. "మాస్టారు మానేశారు సూరిగారూ. ఇంక రారు. మానేస్తున్నానని కాగితం మీద సంతకం పెట్టి పంపించారు."

ఆ నాలుగు గంటలూ అప్పలసూరి ఎలా పడుకున్నాడో ఆ పైవాడికే తెలియాలి. ముందు నమ్మలేదు. తరవాత ఒళ్ళు మండిపోయింది. నా చేత ఒట్టేయించుకుని, తను చెప్పా పెట్టకుండా వెళ్ళిపోతాడా? సూదులు తీసీ తీయగానే, పత్తి గట్టిగా అదుముకుని, "పద," అన్నాడు తాయారుతో.

మిషన్ స్కూలు వెనక పెంకుటిళ్ళ వరసలో మాస్టారి ఇల్లు. భార్య స్వర్ణ టీచరు తలుపు తీసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. లోపల కిటికీ పక్కన నాలుగు దిళ్ళకి ఆనుకుని కూర్చున్నారు మాస్టారు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. పాదాలు పొంగిపోయి ఉన్నాయి.

అప్పలసూరి దారి పొడుగునా తిట్లు కూడబలుక్కుంటూ వచ్చాడు. ఒక్కటీ నోట రాలేదు. "ఏటి మేస్టారూ ఇది?" అన్నాడంతే.

"గుండె ఒప్పుకోవడం లేదు సూరీ. మిషన్ పెట్టిన ప్రతిసారీ ఆగిపోయేలా ఉంటోంది. అక్కడ ఎప్పుడో పోవడం కంటే, స్వర్ణ దగ్గర పోతాను."

"మరి నాకెందుకు సెప్పనేదు?"

"సెబితే యాసిన్‌ని తీసుకుందువా?" అని మాస్టారు అతని యాసలోనే అని, నవ్వబోయి, ఆయాసంతో ఆగిపోయారు. స్వర్ణ నీళ్ళలో తడిపిన గుడ్డతో పెదాలు తడిపింది. ఆయన ఊపిరి కూడగట్టుకుని మళ్ళీ అన్నారు. "నిన్ను మానొద్దని ఒట్టేయించుకున్నవాణ్ణి, నేనే మానేస్తున్నాను. ఇంకా నిన్ను కట్టేసి ఉంచడం న్యాయం కాదు. అందుకే గోలీని ఇచ్చేశాను. నీ జట్టు పూర్తయింది. ఒట్టు తీరింది. ఇంక నీ ఇష్టం సూరీ."

తాయారు గోడకి ఆనుకుని నిలబడి మొగుడి కేసే చూస్తోంది. అతనేమంటాడోనని.

అప్పలసూరికి ఆ మూడో వారం గుర్తొచ్చింది. మానేస్తే అప్పుడే పోయి ఉండేవాడు. ఈ అయిదు నెలలూ ఈ మనిషి ఇచ్చినవే. ఇప్పుడు వదిలేస్తే అడిగేవాడు లేడు. సూదుల్లేవు, దాహం లేదు. హాయిగా ఉంటుంది కూడా. ఇదంతా అతనికి ఒక్క క్షణం నిజంగానే అనిపించింది.

"ఆ పుస్తకం ఇలాగియ్యమ్మా," అన్నాడు స్వర్ణతో.

దిండు కిందున్న పుస్తకం తీసి ఇచ్చింది. అప్పలసూరి అయిదో తరగతితో ఆపేసినవాడు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ తన జట్టు పేజీ చదివి, ఆఖరి పేరు దగ్గర ఆగి, పెన్ను అడిగి, ఆ పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు. కాగితం చిరిగింది.

"మీ గోలీని మీరే ఉంచుకోండి. నాకక్కర్నేదు."

"ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదు, ఆట రూలు," అన్నారు మాస్టారు.

"రూలు మీరెట్టినారు. నేను ఒప్పుకోనేదు. ఒప్పుకుంటేనే గదా రాయాల? నా జట్టు పదిమందే."

"గోలీ లేకుండా ఎలా ఆడతావురా?"

మాస్టారు అతన్ని 'రా' అనడం అదే మొదటిసారి.

"ఎలగోలాగ ఆడతాను. ఎతుకుతాను. దొరికీదాకా ఎల్తాను," అని అప్పలసూరి మంచం పట్టె పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మాస్టారు పొంగిపోయిన చెయ్యి అతని తల మీద వేసి, కిటికీలోంచి స్కూలు గ్రౌండు కేసి చూస్తూ ఉండిపోయారు.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆయన పోయారు. స్వర్ణ ఫోన్ చేసి, శనివారం ఉదయం పదిన్నరకి భూస్థాపన అని చెప్పింది. అప్పలసూరి మిషన్ వంతు కూడా ఆ పూటే, ఎనిమిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా. మధ్యాహ్నం మంచాలన్నీ వేరేవాళ్ళవి. ఈ పూట తప్పితే మళ్ళీ బుధవారమే. అప్పటికే అతనికి మెట్లెక్కితే ఆయాసం వస్తోంది.

శనివారం పొద్దున్న బస్సు శ్రీకాకుళం దగ్గరకొస్తోంది. చర్చికి వెళ్ళాలంటే ఒక స్టాపు ముందే దిగాలి.

"ఎక్కడ దిగుదుం మావా?" అంది తాయారు.

చర్చి స్టాపు వచ్చింది. నల్లచొక్కా తొడుక్కున్న మనిషెవరో పూలదండ పట్టుకుని దిగాడు. అప్పలసూరి సీటు కమ్మీ పట్టుకుని సగం లేచాడు. నలుగురూ ఏమంటారు? అంత స్నేహం చేసి, ఆఖరికి పిడికెడు మట్టి వెయ్యడానికైనా రాలేదనరూ? స్వర్ణమ్మ ఏమనుకుంటుంది? కండక్టరు విజిలేశాడు. అప్పలసూరి మళ్ళీ కూలబడ్డాడు. బస్సు కదిలాక తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆసుపత్రిలో బరువు చూశారు, మూడు కిలోలు ఎక్కువున్నాడు. సూదులు గుచ్చారు. అతను అమ్మా అనలేదు. సంగతి తెలిసిన సిస్టరు ఆ రోజు తాయారుని లోపలికి రానిచ్చి స్టూలు వేసింది.

"టైమెంతయినాది?" అని అడిగాడు ఒకసారి.

"పదీ ఇరవై."

కాసేపటికి మళ్ళీ అడిగాడు. పదిన్నర అయిందన్నారు. అప్పలసూరి కళ్ళు మూసుకున్నాడు. ఇప్పుడు దించుతూ ఉంటారు. ఖాళీగా ఉన్న కుడిచెయ్యి పిడికిలి బిగించి, దుప్పటి మీద మెల్లగా విప్పాడు. పక్కన మిషన్ తిరుగుతూనే ఉంది.

తరవాత పైకే చెప్పడం మొదలుపెట్టాడు, ఎవరికో అప్పజెబుతున్నట్టు. "గరించా. బెకెన్‌బావరు..." పేరు పేరునా ఒక్కొక్కణ్ణీ పిలిచాడు. పక్క మంచం మీది కొత్తావిడ కళ్ళు తెరిచి ఇటు తిరిగి చూసింది. పదో పేరు చెప్పి ఆగిపోయాడు.

తాయారు ఆ పేర్లన్నీ బస్సులో అయిదు నెలలుగా వింటూనే ఉంది. ఎంతమందయ్యారో ఆమెకి తెలుసు.

"గోలీ లేడు," అన్నాడు అప్పలసూరి. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

తాయారు కొంగుతో ఆ నీళ్ళు తుడిచింది.

"బుధవారం ఎతుకుదుంలే మావా," అంది.