ఏటికి అటూ ఇటూ ఒకే పెట్టె

చిన్నపల్లిపేట అంగన్‌వాడీలో కుసుమకుమారి టీచరు దగ్గర ఒక ఇనపపెట్టె ఉండేది. పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పమని టీచర్లందరికీ ప్రభుత్వం ఇచ్చిన పెట్టె. అందులో చేతికి తొడుక్కునే ఏనుగు, కోతి, కాకి బొమ్మలు, రంగు చెక్కలు, బొమ్మల అట్టలు, వాటితో ఎలా ఆడించాలో చెప్పే పుస్తకం ఉండేవి. ఏ ఒక్కటి పోయినా పైవాళ్ళకు జవాబు చెప్పుకోవాలని చాలామంది టీచర్లు ఆ పెట్టెకు తాళం వేసి, పైన పాత చీర కప్పి దాచేవారు. కుసుమకు ఆ బెంగ లేదు. ఆమె కోతికి మొదటి వారంలోనే తోక ఊడిపోయింది.

ఉప్పుటేటికి అవతల ఇసకలపేటలో టీచరు రాజకుమారి. ఇద్దరూ బొబ్బిలిలో శిక్షణకు వెళ్ళినప్పుడు ఒకే చాప మీద పడుకుని, తెల్లవార్లూ కబుర్లు చెప్పుకుని, తిరిగొచ్చేసరికి వదినా మరదళ్ళు అయిపోయారు. రాజకుమారికి జాగ్రత్త ఎక్కువ. పెట్టెలోని సామాను మీద ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా అటక మీద భద్రపరిచింది. హుద్‌హుద్ తుఫాను వచ్చి అటకనీ, పైనున్న రేకుల్నీ, పెట్టెనీ కలిపి సముద్రంలోకి ఊడ్చుకుపోయింది.

"ఉజ్జోగం తీసెత్తారొదినా," అని రాజకుమారి ఏడ్చింది. "సెప్పడానికి నాకు నోరు రాదు."

"ఊరుకోయే. నా పెట్టి ఉన్నాది, గంగులు బావ పడవ ఉన్నాది. ఇంకేటి కావాల?" అంది కుసుమ.

అలా మొదలైంది. అధికారుల జీపు ముందు చిన్నపల్లిపేటకు వచ్చేది. అక్కడ పెట్టె చూసి సంతకం పెట్టాక, వంతెన కోసం ఎచ్చెర్ల వైపు చుట్టు తిరిగి ఇసకలపేట చేరేది. ఈలోగా కుసుమ బావగారు గంగులు పెట్టెను పడవలో ఏరు దాటించేవాడు. జీపు దిగేసరికి పెట్టె రాజకుమారి గదిలో బుద్ధిగా కూర్చుని ఉండేది. అప్పటి అధికారి గుమ్మంలోంచే తొంగి చూసి తల ఊపేవాడు. నిజానికి కుసుమకు ఈ దొంగాట మహా సరదాగా ఉండేది. జీపు వస్తోందంటే పెళ్ళివారు వస్తున్నంత హుషారు పుట్టేది.

రెండేళ్ళకు ఆ అధికారి బదిలీ అయ్యాడు. కొత్తగా అనూరాధ మేడం వచ్చింది. ఆవిడ గుమ్మంలో ఆగలేదు. చెప్పులు విడిచి పిల్లల మధ్య చాప మీద చతికిలబడింది.

"మీరెలా ఆడిస్తారో చూపించండి," అంది.

కుసుమ కోతిని చేతికి తొడిగింది. కోతి చేపల బజారుకెళ్ళి, రొయ్యను కొరకబోతే అది ముక్కు పట్టుకున్న కథ చెప్పింది. పిల్లలు చాప మీద పడి దొర్లారు. నాలుగేళ్ళ పిల్ల ఒకతె కోతిని లాక్కుని తన చేతికి తొడుక్కుని, మేడం ముక్కు పట్టుకుంది.

"నీ పేరేమిటే?" మేడం నవ్వుతూ అడిగింది.

"తాతమ్మ," అంది ఆ పిల్ల.

ముత్తవ్వ పేరు పెట్టారని కుసుమ చెబితే మేడం ఇంకా నవ్వింది. ఆ నవ్వుతోనే జీపెక్కింది.

జీపు మలుపు తిరగగానే కుసుమ అన్నీ పెట్టెలో సర్దింది, కోతిని తప్ప. తాతమ్మ ఇవ్వనంది. లాగితే ఊరంతా వినబడేలా ఏడుపు లంకించుకుంది. ఏటి ఒడ్డు నుంచి గంగులు కేకేస్తున్నాడు.

"బేగి రా కుసుమా! నీరు తీసేత్తంది, పడవ ఇసకలో దిగిపోతాది!"

ఇంకేం చేస్తుంది? మిగతా పిల్లల్ని ఆయాకు అప్పగించి, పెట్టెనూ, కోతినీ, కోతితోపాటు తాతమ్మనూ పడవ ఎక్కించి తనూ ఎక్కింది.

ఇసకలపేటలో అనూరాధ మేడం మళ్ళీ చాప మీదే కూర్చుంది. మళ్ళీ అదే మాట అంది. రాజకుమారికి చెమటలు పట్టాయి. ఆమె ఈ బొమ్మల్ని ఎన్నడూ తొడిగిన మనిషి కాదు. ఏనుగును తలకిందులుగా చేతికి ఎక్కించింది. కుసుమ వంటగది తలుపు వెనక నక్కి చూస్తోంది. పక్కనున్న తాతమ్మ ఎప్పుడు జారుకుందో చూసుకోలేదు.

"అలగ కాదు టీసరా! ఏనుగు సచ్చిపోతాది!" పిల్లల్లోంచి ఒక గొంతు లేచింది.

మేడం అటు తిరిగింది. చేతికి కోతితో తాతమ్మ.

"నిన్ను ఇందాకే చూశానే?"

"కవల పిల్లలు మేడం," అనేసింది రాజకుమారి. "ఒకర్తి అక్కడ, ఒకర్తి ఇక్కడ."

"అలాగా. అక్కడి పిల్ల తాతమ్మ. ఈ పిల్ల పేరు?"

"దాలమ్మ మేడం."

"నాను తాతమ్మని!" అంది తాతమ్మ కోపంగా.

"ఇద్దరికీ అదే పేరు మేడం," అంది రాజకుమారి.

మేడం కోతిని అటూ ఇటూ తిప్పి చూసింది. "అక్కడి కోతికీ తోక లేదు, ఇక్కడి కోతికీ లేదు. ఇవీ కవలలేనా?"

"అవును మేడం."

వంటగదిలో కుసుమ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఆగలేదు. నవ్వు తన్నుకొచ్చింది.

"ఎవరు లోపల?"

"మా ఆయా మేడం."

"పిలవండి."

కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసిపోయి కుసుమ బయటికొచ్చింది.

"మీకు కూడా కవల ఉందా?" అని అడిగింది మేడం.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. రాజకుమారి ఏడుస్తూ తుఫాను సంగతి చెప్పింది, కుసుమ పడవ సంగతి చెప్పింది. మేడం అంతా వింది.

"తుఫానులో పోతే పోయిందని ఒక్క కాగితం రాస్తే ఇంకో పెట్టె ఇచ్చేవాళ్ళం కదమ్మా," అంది.

రాజకుమారి ఏడుపు ఆపింది. "అంతేనా మేడం?"

"అంతే."

"మాకు పడవే సులువనిపించినాది మేడం," అంది కుసుమ.

మేడం మొహం గట్టిబడింది. "పెట్టెను తిప్పితే తిప్పారు. కన్నతల్లికి చెప్పకుండా పిల్లను ఏరు దాటిస్తారా? పడవ బోల్తా పడితే?"

ఆ ఆలోచన తనకెందుకు రాలేదో కుసుమకే తెలియలేదు. తల దించుకుని, "తప్పే మేడం," అంది. మనసారా అంది.

"పిల్లను నేనే తీసుకెళ్ళి తల్లికి అప్పగిస్తాను. జీపులో. మీరూ ఎక్కండి, ఆవిడ తిట్లు మీరే తినాలి."

తాతమ్మ తల్లి చేపల తట్ట దించి మరీ తిట్టింది. "నీకు బుర్రున్నాదేటి టీసరమ్మా? గుంట కనబడక ఈదంతా గాలించినాను!" కుసుమ కిక్కురుమనకుండా తింది. మేడం పక్కన నిలబడి, నవ్వు రాకుండా ఆకాశం వైపు చూసింది.

నెల తిరక్కముందే రాజకుమారికి కొత్త పెట్టె వచ్చింది. చూడ్డానికి కుసుమ ఏరు దాటి వెళ్ళింది. పెట్టె బల్ల మీద ఉంది, దానికి అరచేతంత తాళం ఉంది.

"తాళం తీ," అంది కుసుమ.

"ఒద్దొదినా. ఓ వారం పోనీ. కొత్తవి కదా."

కుసుమ ఆమె నడుముకున్న తాళంచెవి లాగేసుకుంది. పెట్టె తెరిచి, కవర్లన్నీ పళ్ళతో చింపి, సామానంతా పిల్లల మధ్య కుమ్మరించింది. కాకి ముక్కు ఒకడి నోట్లోకి పోయింది. రంగు చెక్కలు గుమ్మం దాటి వీధిలోకి దొర్లాయి. ఏనుగు చెవి చిరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"ఓలమ్మో!" రాజకుమారి గుండె పట్టుకుని గోడకు జారబడింది.

"సూడు, సూడు," అంది కుసుమ, ఆమె పక్కన చేరి కాళ్ళు చాపుకుని కూర్చుంటూ. "ఇప్పుడు బడిలాగున్నాది."