పుష్పలత తుడవని ఓవెన్

తినే సోడా చల్లి నిమ్మచెక్కతో రుద్దితే ఎంత మాడైనా వదులుతుందని నాకు చెప్పింది కూడా పుష్పలతే, వదిలితేగా, ఎనిమిది రోజుల మాడు, గాజు తలుపు మీద చారలు, కింద రాడ్డు పక్కన పొంగి పడ్డ పిండి బొగ్గై కూర్చుంది, అసలు దీన్ని నేనెందుకు తోముతున్నాను, ఆరేళ్ళుగా మా ఇద్దరికీ ఉన్న ఒప్పందమేంటి, ఓవెన్ నాది, చెయ్యి దానిది, ఆఖరున ఎవరు కాల్చుకుంటే వాళ్ళే తుడవాలి, ఆఖరున కాల్చింది అదే, క్రిస్మస్ కేకులు, మొదటి డబ్బా ఇంకా లోపల ఉండగానే చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది, న్యాయంగా ఇది దాని పని, వెనక వీధిలోనేగా కిరాయికుంటోంది, కిరాయి, చూశావా, అద్దె అనే మాటే మర్చిపోయాను, దాని కుట్టుమిషను చప్పుడు మా వంటింట్లోకి వినిపిస్తూనే ఉంటుంది, మిషను తొక్కే కాళ్ళకి ఇక్కడిదాకా రావడానికేం రోగం, రాదు, నేను పోను, మరి ఇప్పుడు నేను తోమేస్తే రాజీకి వచ్చినట్టా, లేకపోతే నీ మరక కూడా ఉంచను, ఇక రానక్కర్లేదు అన్నట్టా, ఏమో, నాకే తెలియడం లేదు, దానికేం తెలుస్తుంది.

హాల్లోంచి ఆయన, ఇందిరా, ఇవాళ బంద్ ఉన్నట్టా లేనట్టా అంటున్నారు, ఒక ఛానెల్ వాడు ఉందంటాడు, ఇంకొకడు లేదంటాడు, ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సులు తిరుగుతున్నాయా అని నన్నడిగితే, వనస్థలిపురంలో కూర్చుని మాడు గీక్కుంటున్నదాన్ని, నాకేం తెలుస్తుందండీ, వాళ్ళడిగే ప్రత్యేక రాష్ట్రం ఉందో లేదో కూడా తెలియడం లేదు, పదో తారీకు పొద్దున వచ్చిందన్నారు, ప్రకటన వినగానే జిలేబీ పొట్లం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది పుష్పలత, అక్కా, మనకొచ్చేసిందక్కా, జర నోరు తెరువ్ అని నా నోట్లో కుక్కింది, మనకి అంది, ఆ మనలో నేనున్నానా, లేనా, అడగలేదు, తిన్నాను, తీపిగానే ఉంది, తెనాలి నుంచి రెండు ట్రంకుపెట్టెలతో వచ్చి ఇరవై రెండేళ్ళు, రేపెవరైనా పొమ్మంటే ఎక్కడికి పోతాను, అది ఒక్కసారైనా నా మొహం చూస్తే కదా, వీధంతా గంతులేసుకుంటూ పంచుకుంటూ పోయింది, పోనీలే, దాని సంతోషం దానిది, ఊరేగింపులో లాఠీ దెబ్బకి చెయ్యి విరిగిన తమ్ముడున్నాడు దానికి, వాడికి దవాఖానలో అన్నం కలిపి తినిపించొచ్చి నా ముందే ఏడ్చింది, అప్పుడు నేనూ ఏడ్చాను, అబద్ధం కాదు, అయితే ఏది అబద్ధం.

ఇరవై మూడో తారీకు మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నాం, దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి జీడిపప్పు, టూటీ ఫ్రూటీ కొనుక్కొచ్చాం, తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది, రాత్రంతా పండగ జాకెట్లు కుట్టిందట, సాయంత్రం మొదటి డబ్బా లోపల పెట్టింది, గాజులోంచి చూస్తూ అక్కా, మంచిగ పొంగుతున్నది అంది, అప్పుడే ఢిల్లీ నుంచి ఇంకో ప్రకటన, ఇప్పుడు కాదు, అందరితో మాట్లాడాక చూద్దాం అని, ఆయన చప్పట్లు కొట్టారు, నేను అమ్మయ్య అన్నాను, అంతే, ఒక్క మాట, పుష్పలత నా వైపు తిరిగి, సంబురమైతుందా అక్కా అంది, నేనేమో ఏంటే, కేకు పొంగిందనేగా అన్నది అన్నాను, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అది నా వంకే చూసింది, కొంగుతో చేతులు తుడుచుకుంది, నా కేకు పొంగితే నువ్వు నా దిక్కు చూసి అంటవక్కా అని వెళ్ళిపోయింది, డబ్బా మాడింది, వాళ్ళింట్లో ఈసారి పండక్కి కేకు లేదు.

మర్నాటి నుంచి ఎన్ని కథలు చెప్పుకున్నానో, కేకుకే అన్నానేమో, మోకాళ్ళ నొప్పికి అన్నానేమో, స్టూలు మీద కూలబడితే ఎవరైనా అమ్మయ్య అనరూ, కానీ నేను కూర్చోలేదు, నించునే ఉన్నాను, ఎక్కడ నించున్నాను, ఈ రాడ్డు పక్కన బొగ్గు ఊడి వస్తోంది, నిమ్మరసం గోళ్ళ సందుల్లో భగ్గుమంటోంది, ఎక్కడ నించున్నాను, టీవీ హాల్లో ఉంది, వార్త హాల్లో విన్నాను, ఆయన పక్కనే ఉన్నాను, చప్పట్లు అక్కడే వినిపించాయి, అమ్మయ్య అక్కడే అనొచ్చు, ఆయనతో అనొచ్చు, అనలేదు, నోట్లో పెట్టుకుని హాలు దాటాను, ఫ్రిజ్ దాటాను, వంటింట్లోకి వచ్చి ఇదిగో ఇక్కడ, దాని భుజానికి నా భుజం తగిలేంత దగ్గరగా నించుని, అప్పుడన్నాను, పదో తారీకు నా మొహం చూడలేదుగా, ఇప్పుడు చూడు అని, ఛీ, ఎలాంటిదాన్నయ్యాను, నాకు భయం వేసిన మాట నిజమే, భయం పోయిన మాటా నిజమే, కానీ అన్నది అందుకు కాదు, చెయ్యి కడుక్కోవాలి, చీర మార్చుకోనక్కర్లేదు, వెనక వీధికి వెళ్ళి ఏం చెప్పాలో ఇప్పుడు తెలిసింది, కేకుకి కాదే పుష్పా, నువ్వు వినాలనే అన్నాను.