బావ గొంతు

ఇనుప పట్టీని రేకుల కట్ట చుట్టూ తిప్పి, కొన లాగి, మీట నొక్కి బిగించాడు వరహాలు. కట్ట కిర్రుమంది. అద్దంలా మెరిసే పైరేకులో అతని మొహం వంకరగా, పొడుగ్గా కనిపించింది. పెదాలు కదులుతున్నాయి. అది చూసుకుని చప్పున పెదాలు బిగించి, పక్క కట్ట మీదికి వంగాడు.

పొట్టి మనిషి. ఏళ్ల తరబడి ఒకే వైపుకు వంగి పనిచేయడం వల్ల ఎడమ భుజం దిగిపోయింది. అరచేతుల నిండా రేకు అంచులు కోసిన సన్నని గీతలు. టాటా ఊళ్లోని గోల్‌మురి రేకుల కార్ఖానాలో, ప్యాకింగు షెడ్డులో, అదే రకం ఖాకీ చొక్కాల మధ్య అతన్ని వేరుచేసి పోల్చుకోవడం కష్టం. తెలుగువాళ్ల క్వార్టర్లలో మాత్రం ‘నాటకాల వరహాలు’ అంటే ముసలమ్మలకు కూడా తెలుసు. ఏటా దసరాకి అతను నాటకం రాయాల్సిందే. మైదానంలో చెక్కబల్లలు పరిచి, చీరలు కలిపి కుట్టిన తెర కట్టి, దాన్ని ఆడాల్సిందే.

ఆడేవాడు నీలకంఠం. రేకుల్ని తేజాబులో, అదే యాసిడ్‌లో, కడిగే చోట పని. మనిషి తాటిచెట్టంత. ఆ ఘాటుకి గొంతు కొంచెం బొంగురుపోయి, మాట చివర ఓ జీర ఉండేది. సాయంత్రాలు అతని ముంగిట్లో చాప వేసుకుని కూర్చుంటే, వరహాలు తను రాసినది చదివి వినిపించేవాడు. నీలకంఠం బీడీ పక్కన పెట్టి తల అడ్డంగా ఊపేవాడు.

“ఇలగ ఎవుడు మాటాడతాడు బావా? ఉండు, నాను సెప్తాను.”

లేచి నిలబడి అదే మాటని తన నోటితో అనేవాడు. వరహాలు పాత మాట కొట్టేసి, అతను అన్నదే రాసుకునేవాడు. అందుకే తన నాటకాల్లో సగం తనవి కావని వరహాలు ఎప్పుడూ అనేవాడు. ఆ మాటకి నీలకంఠం, “రెండో సగం మా జోగమ్మ పెట్టిన టీది,” అని పెళ్లాం వైపు చూసి నవ్వేవాడు.

కిందటి దసరాకి వరహాలు ఓ పడవవాడి కథ రాశాడు. చివర పడవవాడు చనిపోవాలి. ఆ చావుని నీలకంఠం ఎలా చేశాడంటే, మైదానంలో జనం గుడ్ల నీరు కుక్కుకున్నారు. తెర పడ్డాక కూడా నీలకంఠం కాసేపు లేవలేదు. హార్మోనియం వాయించే భీమారావు భయపడి కుదిపితే, పకపకా నవ్వుతూ లేచాడు. దీపావళి నాటికి పచ్చకామెర్లు. చలికాలం ముదరకముందే మనిషి పోయాడు.

పదోరోజు భోజనాలయ్యాక వరహాలు మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆ చావు రాసింది తన చెయ్యి. రాయకపోతే బతికేవాడేమో. ఆ ఊహ ఒకసారి తలలో దూరాక బయటికి పోలేదు. వేరే ఏదైనా రాద్దామని కూర్చుంటే ఆడదైనా, దొరైనా, పసిపిల్లైనా నీలకంఠం గొంతుతోనే మాట్లాడేవారు. కలం మూసేశాడు. అయినా ఆ గొంతు షెడ్డులోకి వచ్చింది. ఎందుకు చంపావని అది ఎన్నడూ అడగలేదు. రేకుల మోతలో, చెవి పక్కనే, “బీడీ ఉందా బావా?” అనేది. “టీ తాగావేటి?” అనేది. నిలదీసి ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేవాడు. ఈ మామూలు మాటలకే వరహాలుకి వెన్ను జలదరించేది.

పొద్దుటి షిఫ్టు ముగిసిందని సైరన్ మోగింది. గేటు బయట సైకిల్ పట్టుకుని భీమారావు నిలబడి ఉన్నాడు. టాటానగర్‌లో రైల్వే క్యాబిన్ పని అతనిది. ఈ వేళప్పుడు ఇక్కడ ఉండాల్సిన మనిషి కాదు.

“డ్యూటీకి ఛుట్టీ ఎట్టాను. పద,” అన్నాడు భీమారావు.

“ఎక్కడికి?”

“ఎక్కడికేటి? జోగమ్మ ఇయ్యాల ఎల్లిపోతంది. క్వార్టరు తాళం ఇచ్చీసింది. సీపురుపిల్లి కాడ అన్నదమ్ముల ఇంటికి.”

వరహాలు సైకిల్ తాళం తీస్తూ ఉండిపోయాడు. “నాను రాలేను భీమా. ఏ మొకం ఎట్టుకుని వత్తాను?”

“వరహాలు అన్నయ్య రాకపోతే బండెక్కనని కూకుంది. నీ మొకం సంగతి ఆవిడతోనే సెప్పుకో.”

ఇద్దరూ స్టేషన్ చేరేసరికి వీధంతా అక్కడే ఉన్నట్టుంది. ఎవరో ట్రంకుపెట్టె మోసుకొచ్చారు. ఎవరో పులిహోర పొట్లాలు కట్టారు. క్వార్టర్ల ఆడవాళ్లు జోగమ్మ చుట్టూ చేరి, చెప్పిన జాగ్రత్తలే మళ్లీ చెబుతున్నారు. ఇన్ని నెలలూ రేషనూ, ఆస్పత్రీ, పిల్ల బడీ తలోటీ చూసుకున్నది వాళ్లే. ఒక్క వరహాలే రాలేదు. అతన్ని చూసి అందరూ దారి ఇచ్చారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించింది.

జోగమ్మ చిక్కిపోయింది. పక్కన కూతురు పద్మకుమారి, రెండు జడలు, స్కూలు చెప్పులు. అమ్మ తెలుగులో ఏమన్నా హిందీలోనే జవాబు చెప్పే పిల్ల.

“సెల్లీ,” అన్నాడు వరహాలు. “ఆ సావు నాను రాయకుండా ఉండాల్సింది.”

జోగమ్మ అతని వైపు వింతగా చూసింది.

“అందుకేటి నువ్వు రానిది?” అంది. “ఆ రోజు ఇంటికొచ్చి ఆయన పడుకోలేదు, తెలుసా? ఊరంతా నా కోసం ఏడిసినారే అని ఒకటే సంబరం. ఆస్పత్రిలో మంచం మీద కూడా నర్సులకి అదే సేసి సూపించినాడు. నువ్విచ్చింది అది అన్నయ్యా. నువ్వేమో నాను మాట ఇసురుతానని దాక్కున్నావు.”

జోగమ్మ ఒక అడుగు దగ్గరికి వచ్చింది.

“ఒకటడుగుతాను, కాదనకు. ఆయన గొంతు మర్సిపోతన్నాను. మొకం గేపకం ఉంది, ఫొటో ఉంది. మాటే రాడం లేదు. ఈ గుంట పద్మకైతే మరీను. నీకు ఇనబడుద్ది కదా? ఒక్కపాలి ఇనిపించు.”

తనకు వినబడుతుందని వరహాలు ఎవరికీ చెప్పలేదు. వెనక్కి ఒక అడుగు వేశాడు. భీమారావు చెయ్యి వీపుకి ఆనింది. ఆ చెయ్యి అక్కడే ఉంది.

బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. సామాను ఎక్కింది. తల్లీ కూతుళ్లు కిటికీ దగ్గర సర్దుకున్నారు. వరహాలు కిటికీ ఊచ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇన్నాళ్లూ తోసేసిన గొంతుని ఇప్పుడు రమ్మన్నాడు.

“ఒలే పద్మా.”

బొంగురుగా, చివర జీరతో వచ్చింది ఆ పిలుపు.

“కిటికీ కాడే కూకో. సెయ్యి బయట ఎట్టకు. మీ యమ్మకి బండిలో కడుపు తిప్పుద్ది, నిమ్మకాయ దగ్గరెట్టు. దానికి కోపమొత్తే అన్నం మానేత్తాది, ఒక ముద్ద నువ్వే పెట్టాల. అక్కడ నీ మాట ఇని ఎవులేనా నవ్వితే, నువ్వూ నవ్వీయ్. ఆలకీ టాటా గురించి సెప్పు. మన మైదానం గురించి సెప్పు. ఏటి, ఇనబడతందా?”

జోగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పద్మకుమారి వరహాలు మొహాన్ని చూడటం లేదు. అతని తల పైన, తాటిచెట్టంత మనిషి కళ్లు ఉండాల్సిన చోటికి చూస్తోంది.

“ఇనబడతంది నాన్నా,” అంది. “అలగేలే.”

అంతకు ముందు ఆ పిల్ల నోట తెలుగు విన్నవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

వరహాలు కళ్లు తెరిచి, “జాగర్త సెల్లీ,” అని తన గొంతుతో అనబోయాడు. రాలేదు. గొంతు పట్టి చూసుకున్నాడు. బండి కదిలింది. జోగమ్మ గబగబా సంచిలో వెతికి ఓ గుండ్రటి డబ్బా అతని చేతిలో పెట్టింది. “నీకాడ ఉండనీ,” అన్నట్టు పెదాలు కదిలాయి. చివరి పెట్టె మలుపు తిరిగే దాకా అందరూ చేతులు ఊపారు. తర్వాత ఒక్కొక్కరే బస్సుల వైపు నడిచారు.

వరహాలూ భీమారావూ బెంచీ మీద మిగిలారు.

“దసరాకి నాటకం రాత్తావా?” అన్నాడు భీమారావు, పట్టాల వైపు చూస్తూ.

“నాను సదివితే తల అడ్డంగా ఊపేవోడు కావాల.” సొంత గొంతు తిరిగి వచ్చింది, కొంచెం బొంగురుగా.

“నాకు రాదేటి ఊపడం? హార్మోనియం కాడ ఇన్నేళ్లూ అదేగదా సేత్తన్నాను.”

వరహాలు చాలా నెలల తర్వాత నవ్వాడు. డబ్బా మూత తిప్పాడు. అది నీలకంఠం నాటకానికి మొహాన పూసుకునే రంగు. ఎండి, అంచుల దగ్గర పగుళ్లిచ్చింది. ఆ గులాబీరంగు ముద్ద మధ్యలో, ఓ లావుపాటి వేలు తోడుకుపోయిన గుంట, గోరు గీతతో సహా అలాగే ఉంది.