మూరెడు అంచు

ఇంతకాలం పగలనిది ఇకమీదట కూడా పగలదని లోకం నమ్ముతుంది. వంతెన మీద నడిచేటప్పుడూ, మేడ మీద నిద్రపోయేటప్పుడూ మనిషికి ఉండే ధైర్యంలో ఎక్కువ భాగం ఇదే. ఆ దుకాణంలో ఈ నమ్మకాన్ని ఒక ఆడమనిషి రోజూ తన ఒంటి బరువుతో రుజువు చేస్తూ ఉండేది.

వంటగట్లకు పాలరాయి బదులు పింగాణీ తరహా పోర్సిలిన్ పలకలు అమ్మే దుకాణం అది. లోపలికి అడుగుపెట్టగానే ఒక ఉత్తుత్తి వంటిల్లు కనిపిస్తుంది. కుళాయి ఉంటుంది, నీళ్లు రావు. మధ్యలో పొడవాటి గట్టు. దాని ఒక చివర కింది అరలను దాటి మూరెడు మేర గాలిలోకి చొచ్చుకువచ్చి ఉంటుంది, ఎత్తు కుర్చీలు వేసుకొని కూర్చోవడానికి వీలుగా. మొదట్లో ఆ అంచు కింద ఆసరాగా రెండు ఇనుప పట్టీలు ఉండేవి. అందం చెడుతోందని యజమాని తీయించేశాడు.

కొనేవాళ్లు ఊగిసలాడుతున్నప్పుడు, పలక బలం చూపించడానికి, అక్కడ పనిచేసే ఆ ఆడమనిషి అంచు మీదికెక్కి నిలబడాలి. అందుకే తోటివాళ్లు ఆమెకు ‘తూకం’ అని పేరు పెట్టారు. తగ్గింపు ధరల వారం కావడంతో ఆ రోజు ఆమెకు అన్నం తినే తీరిక కూడా దొరకలేదు. మధ్యాహ్నం ఎవరో పిల్లవాడు అంచు అడుగున అంటించిపోయిన బబుల్‌గమ్ము గోకడానికి తడిబట్టతో గట్టు కిందకు దూరింది. వేలికి సన్నటి గీత తగిలింది. బట్టతో తుడిచినా పోలేదు.

“ఏం తూకం, ఎండకు తట్టుకోలేక కాపురం అక్కడ పెట్టావా?” అన్నాడు పలకలు బిగించే మేస్త్రి.

“నవ్వింది చాల్లే బాబాయ్, ఓసారి వంగి చూడు.”

మేస్త్రి మోకాళ్ల మీద కూర్చొని, వేలి కణుపుతో పలక మీద అరల వైపు కొట్టాడు. ఖంగున మోగింది. అంచు వైపు కొట్టాడు. తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపించింది. అతని ముఖంలో నవ్వు పోయింది.

“బీట ఇచ్చింది. ఇది చెక్కలా ముందు వంగి, హెచ్చరించి విరగదమ్మాయ్. గాజులా ఒక్కసారే పోతుంది. పడే మనిషి ఆ ముక్కల మీదే పడాలి. ఇంక ఎక్కకు.”

ఆమె యజమానికి చెప్పింది. ఆయన వంగలేదు. గట్టు పైభాగం చూపించాడు. తెల్లటి పలక మీద పాలరాతిని పోలిన బూడిదరంగు గీతలు మెలికలు తిరుగుతూ ఉన్నాయి.

“ఇన్ని గీతల్లో నీ గీత ఏదో చూపించు చూద్దాం.”

“పైన ఉన్నవి అచ్చు వేసినవి సార్. అడుగున అచ్చు ఉండదు కదా.”

“అడుగున దూరేది నువ్వు. కొనేవాడు కాదు. ఈ వారం గడవనీ, మార్పిద్దాం.”

ఆమె తడిబట్ట తీసుకొని పనిలోకి వెళ్లిపోయింది. నమూనా ముక్కలు పొట్లాలు కట్టే బల్ల దగ్గర ఆమె ఆడపడుచు పని చేస్తోంది. రెండు నెలల కిందట తనే బతిమాలి పెట్టించింది. మగ్గం మూతపడి భర్త ఇంట్లో కూర్చున్నాడు. ఇంటి అద్దె ఈ ఇద్దరి జీతాల మీదే నడుస్తోంది.

పొద్దు వాలుతుండగా భార్యాభర్తలిద్దరు వచ్చారు. వాళ్లింట్లో పాలరాతి గట్టు వేయించి ఏడాది తిరగలేదు, అప్పుడే పాడైంది.

“ఒక్క నిమ్మచెక్క మర్చిపోయానండి,” అంది భార్య. “తెల్లారేసరికి మచ్చ. ఇంటికెవరొచ్చినా మా అత్తగారు చెయ్యి పట్టుకొని తీసుకెళ్లి మరీ చూపిస్తున్నారు.”

తూకం పలక మీద నిమ్మరసం పిండింది, వేడి మూకుడు దించింది, కత్తి మొనతో గీసింది. తుడిచాక పలక ఎప్పటిలాగే ఉంది. ఇందులో మోసమేమీ లేదు. మరకకూ వేడికీ గీతకూ పోర్సిలిన్ నిజంగానే పాలరాతి కన్నా మెరుగు. ఆసరా లేని అంచు మీద మనిషి బరువు సంగతి వేరు.

“మరి బలం?” అన్నాడు భర్త.

యజమాని ఆమె వైపు చూసి తల ఊపాడు. ఆమె కదల్లేదు.

“ఆ చివర అంచెక్కమ్మా.”

“నేనెక్కను సార్.”

దుకాణంలో ఆమె నోట ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు. యజమాని నవ్వాడు. “మా వాళ్లకు ఇవాళ అలక. ఆ చిన్నమ్మాయిని పిలవండి. ఇంకా తేలిక.”

ఆడపడుచు వచ్చి చెప్పులు విప్పింది. వదిన ఆమె మోచెయ్యి పట్టుకుంది.

“అడుగున బీట ఉందే. నువ్వూ ఎక్కొద్దు.”

“బీటేమిటి?” అంది కొనడానికి వచ్చిన ఆవిడ.

“డిజైను గీతండీ. దీనికి తెలియక,” అని యజమాని మేస్త్రిని కేకేశాడు. “ఏమయ్యా, అది గీతా, బీటా? నువ్వే చెప్పు.”

మేస్త్రి చేతిలోని గుడ్డను చాలాసేపు మడిచాడు.

“గీతేనండి.”

“బాబాయ్!” అంది తూకం. అతను గుడ్డ భుజాన వేసుకొని పక్కకు తప్పుకున్నాడు.

“ఇదిగో, నేనే ఎక్కుతాను చూడండి,” అంటూ యజమాని కుర్చీ వేసుకొని గట్టెక్కి, అరల పైన నడి భాగంలో కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు. లావాటి మనిషి. పలక చెక్కు చెదరలేదు.

“అక్కడ కాదండి,” అంది ఆవిడ మర్యాదగానే. “ఆ అమ్మాయిని ఎక్కమన్నారే, ఆ చివరకు రండి.”

యజమాని అంచు వైపు ఒక అడుగు వేశాడు. అరలు ముగిసే చోట ఆగాడు. “అబ్బే, పైనున్న దీపం తలకు తగులుతుంది,” అని వెనక్కి జరిగి, జాగ్రత్తగా దిగాడు.

ఆడపడుచు ఆయన పాదాలనే చూస్తోంది. విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కుంది.

“నేనూ ఎక్కను సార్. వదినకు ఏం తెలుసో గానీ, మీకు మాత్రం తెలుసు.”

భార్యాభర్తలు గొంతు తగ్గించి కాసేపు మాట్లాడుకున్నారు. చివరికి పోర్సిలిన్ పలకే తీసుకున్నారు. తమ గట్టు అంచు కింద మాత్రం ఇనుప పట్టీలు వేయాలని రసీదు మీద రాయించుకున్నారు. బీట గురించి మళ్లీ అడగలేదు.

వదిననూ ఆడపడుచునూ మర్నాటి నుంచి రావద్దన్నారు. పట్టీల గురించి రాసిన ఆ రసీదు కింద, పలక బిగించే మనిషిగా, మేస్త్రి సంతకం పెట్టాడు.

మూడోనాడు వాళ్ల స్థానంలో కొత్త మనిషి చేరింది. అడుగున ఏముందో ఆమెకు మేస్త్రి చెప్పలేదు. వేరెవరూ చెప్పలేదు. సాయంత్రం లోపు ఆమె నాలుగు బేరాలకు అంచెక్కింది. పలక పగల్లేదు. నాలుగూ కుదిరాయి.